పక్కపక్క గుంజలు

నిఖిలేష్ రోజుకు రెండు మొహాలతో బతికేవాడు. పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ఒక మొహం, పది నుంచి సాయంత్రం దాకా ఇంకో మొహం. మొదటి మొహానికి ఎండైనా వానైనా రుమాలు చుట్టి ఉండేది. కళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. దుమ్ము పడదమ్మా అని తల్లితో చెప్పేవాడు గానీ, అంత పొద్దున్నే గౌలిపుర గల్లీల్లో దుమ్మెక్కడిది?

వాళ్లది మూడు తరాల పాల ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆరు బర్రెలు. నిరుడు తండ్రి సాయిలుకు మోకాలు పట్టేసి బండి ఎక్కలేకపోతే, ఇరవై రెండిళ్లకు పాలు పోసే పని నిఖిలేష్ మీద పడింది. పనికి అతనెప్పుడూ వెనకాడలేదు, అది ఒప్పుకోవాలి. స్కూటర్‌కి రెండు పక్కలా క్యాన్లు తగిలించుకుని ఒక్కరోజు కూడా మానకుండా తిరిగేవాడు. ఆఫీసువాళ్లు ఎవరైనా చూస్తారేమోనన్న భయం మాత్రం స్కూటర్ వెనక సీట్లో కూర్చుని రోజూ అతనితో వచ్చేది.

ఆఫీసు శాలిబండలో, ఒక బట్టల దుకాణం పైన రెండో అంతస్తులో ఉంది. తొమ్మిది మంది పని చేస్తారు. రక్త పరీక్షలు చేసే చిన్న చిన్న కేంద్రాలకు ప్రోగ్రాం తయారుచేసి ఇస్తారు. ఎవరు ఎన్ని గంటలకు రావాలో ఆ ప్రోగ్రామే ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. నగరంలో నలభై కేంద్రాలు దాన్ని వాడతాయి. టీం పెద్ద కృష్ణప్రసాద్‌ది భీమవరం వైపు. మెత్తగా మాట్లాడతాడు, మాట మాత్రం సూటిగా ఉంటుంది. నాలుగేళ్ల కింద, నిఖిలేష్ చేరిన మొదటి వారం, టీ తాగుతూ మీ నాన్నగారు ఏం చేస్తారని ఆయన అడిగాడు. డెయిరీ బిజినెస్ అన్నాడు నిఖిలేష్. అంతటితో ఆగినా బాగుండేది. పక్కనున్న సుచరిత, ప్లాంటు ఎక్కడ పెట్టారని అడిగింది. ఊరి బయట, అన్నాడు. ఆ రోజు నుంచి ఆఫీసులో అతను డెయిరీ ఓనరు గారబ్బాయి. అబద్ధం చిన్నదే. కానీ దానికి రోజూ మేత వేయాల్సి వచ్చింది.

ఇక ఆఫీసులో అతనికి అప్పగించిన పని సంగతి.

ఈ రోజుల్లో ప్రోగ్రాం మొత్తం ఎవరూ సొంతంగా రాసుకోరు. తేదీలు లెక్కగట్టేది ఒకరు రాసి పెడతారు, మెసేజ్‌లు పంపేది ఇంకొకరు రాసి పెడతారు. అలా ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన ముక్కల్ని తెచ్చుకుని వాడుకుంటారు. వాటిని ప్యాకేజీలంటారు. వీళ్ల దగ్గర అలాంటివి అరవై మూడు ఉన్నాయి. ప్రతిదానికీ కొత్త వెర్షన్లు వస్తూనే ఉంటాయి, మార్చుకుంటూ పోవాలి. ఒక్కోదాన్నీ మారుస్తూ కూర్చుంటే పని తెమలదు. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం చెడిందో అంతుపట్టదు. అందుకని ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నవాటిని గ్రూపుగా కట్టి, ఒక గ్రూపునంతా కలిపి మార్చుకోవాలి. ఈ గ్రూపులు కట్టే పని కృష్ణప్రసాద్ నిఖిలేష్‌కి ఇచ్చాడు. ప్రతి గ్రూపు కింద, ఇవి ఎందుకు కలిసుండాలో ఒక్క వాక్యం రాయమన్నాడు.

నిఖిలేష్ మూడు రోజుల్లో ఎనిమిది గ్రూపులు కట్టాడు. ఏడింటికి వాక్యాలు రాశాడు. ఎందులోనూ ఇమడని పంతొమ్మిదింటిని ‘ఇతరాలు’ అని ఒక దాంట్లో పడేసి ఊపిరి పీల్చుకున్నాడు. దాని కింద వాక్యం లేదు. రాయడానికి కారణం ఉంటే కదా.

గీతాంజలి ఆఫీసులో చేరి అప్పటికి నాలుగు నెలలు. సిద్దిపేట దగ్గరి ఊరు నుంచి వచ్చింది. ఇక్కడ నానమ్మ ఇంట్లో ఉంటుందని తప్ప ఆ పిల్ల గురించి నిఖిలేష్‌కి ఏమీ తెలియదు, అడగలేదు కూడా. అది ఆమెకు మొదటి ఉద్యోగం. ఆరు నెలలు పని చూసి అప్పుడు ఖాయం చేస్తారు. ఆ రోజు ఆమె అతని కుర్చీ పక్కన నిలబడి స్క్రీన్ వైపు వేలు చూపించింది.

“అన్నా, ఈ తేదీల ప్యాకేజీని ఇతరాలల్ల పెట్టిన్రు. దాని టైం జోన్ ప్యాకేజీనేమో వేరే గ్రూపుల పెట్టిన్రు. ఇవి రెండు బర్రె, దుడ్డె లెక్క అన్నా. పక్కపక్క గుంజలకే కట్టాలె. దుడ్డెను అవుతల కడితే బర్రె చేపుతదా?”

సుచరిత ఫక్కున నవ్వింది. కృష్ణప్రసాద్ తలెత్తి, ఏమిటమ్మా, మన కంప్యూటర్లలోకి గేదెలు కూడా వచ్చాయా అన్నాడు. ఎవరి నవ్వులోనూ విషం లేదు. కానీ నిఖిలేష్‌కి తల కొట్టేసినట్టయింది. తన చొక్కా వాసన తనకే తగిలింది. ఈ పిల్లకు ఎలా తెలిసింది, ఎవరు చెప్పారు, అందరి ముందూ ఇలా అంటుందా అని లోపల ఉడికిపోయాడు.

“ఆఫీసుల గిసొంటి మాటలు వద్దు,” అన్నాడు. “నేను పెట్టినట్టే ఉండనియ్.”

గీతాంజలి మొహం చిన్నబోయింది. సరే అన్నా అని వెళ్లి కూర్చుంది.

ఆమె చెప్పింది నిజమని అతనికి ఆ క్షణమే తెలుసు. అంతకన్నా బాగా ఇంకెవరికి తెలుస్తుంది? వాళ్ల షెడ్డులో ప్రతి బర్రె గుంజ పక్కన చిన్న గుంజ ఉంటుంది, దాని పిల్ల దుడ్డె కోసం. దుడ్డె కనిపించకపోతే ఎంత దాణా పెట్టినా బర్రె చేపదు, పొదుగులోకి పాలు దించదు. వాళ్లమ్మ రాజమణి సంతలో బర్రెను కొంటే, దుడ్డెను ముందు ఆటో ఎక్కించి ఆ తర్వాతే బర్రె తాడు పట్టుకుంటుంది. రెండు ప్యాకేజీలనూ ఒకే గ్రూపులో పెట్టడానికి అర నిమిషం పట్టేది. పెట్టలేదు. తెలియక చేసిన తప్పయితే దీన్ని ఇంతదూరం చెప్పుకోవాల్సిన పనే లేదు.

రెండు వారాల తర్వాత ‘ఇతరాలు’ గ్రూపుకు కొత్త వెర్షన్లు వచ్చాయి. చూసి ఓకే చేసే వంతు ఆ వారం గీతాంజలిది. గ్రూపుల సంగతి మళ్లీ ఎత్తే ధైర్యం ఆమెకు లేదు. ఆఫీసు కంప్యూటర్లో ప్రోగ్రాం మీద నడిపిన పరీక్షలన్నీ సరిగ్గానే వచ్చాయి. సోమవారం సాయంత్రం ఓకే నొక్కి ఇంటికి వెళ్లింది.

మంగళవారం పొద్దున ఆరు దాటింది. నిఖిలేష్ స్కూటర్ మీద మలుపు తిరుగుతుంటే రక్త పరీక్షల కేంద్రం ముందు ఏడెనిమిది మంది ముసలివాళ్లు కనిపించారు. షట్టర్‌కి తాళం వేసి ఉంది. ఆ కేంద్రం పదింటికి గానీ తెరవరు. పదింటికి రమ్మంటే తెల్లారకముందే వచ్చి కూర్చుంటారు వీళ్లు, అనుకున్నాడు నవ్వుకుంటూ. మెట్ల మీద నుంచి ఒక ముసలామె చెయ్యి ఊపింది. సత్తెమ్మ. రోజూ లీటరు పాలు తీసుకునే ఇల్లు.

సత్తెమ్మ అతన్ని ఆపి, రాత్రి నుంచి ఏమీ తినలేదని చెప్పింది. రక్తం తీసేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టొద్దన్నారట. కొంగు ముడిలోంచి ఫోన్ తీసి అతని మొహం ముందు పెట్టింది.

“జర సూడు బిడ్డా. మా మనవరాలు ఆరింటికని సదివింది. ఈడేమో తాళం ఉన్నది. ఆరే రాసి ఉన్నదా, ఇంకేమన్ననా?”

స్క్రీన్ వెలుగుతూనే ఉంది. ఒక్కసారి కళ్లు దించితే చాలు. కానీ ఎదురుగా టీ కొట్టు దగ్గర, తన ఆఫీసు కింది బట్టల దుకాణంలో పనిచేసే మనిషి నిలబడి గ్లాసు ఊదుకుంటున్నాడు. ఫోన్ తీసుకుని చదువుతూ, నాలుగు మాటలు మాట్లాడుతూ ఇక్కడ నిలబడితే అతను గుర్తుపట్టడూ? మధ్యాహ్నానికల్లా ఆఫీసు మెట్లెక్కి డెయిరీ ఓనరు గారబ్బాయి క్యాన్ల ముచ్చట చెప్పడూ?

“నాకు సదువు రాదమ్మా,” అన్నాడు రుమాల్లోంచి.

“అయ్యో, గట్లనా బిడ్డా,” అంది సత్తెమ్మ. ఆ గొంతులో జాలి తప్ప ఇంకేమీ లేదు. అతను స్కూటర్ ముందుకు ఉరికించాడు.

పదింటికి ఆఫీసుకు వచ్చేసరికి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఒక కేంద్రం యజమాని స్పీకర్‌లో గట్టిగా అడుగుతున్నాడు: “క్యా కర్ దియే భాయ్ ఆప్ లోగాఁ? బుడ్ఢే లోగాఁ సుబహ్ సే భూకే బైఠే హైఁ.” తెల్లారినప్పటి నుంచి ముసలివాళ్లు ఆకలితో కూర్చున్నారనీ, ఒకామె కళ్లు తిరిగి మెట్ల మీద పడిపోయిందనీ చెప్పాడు. మిగతా కేంద్రాలదీ అదే కథ. పదకొండున్నరకు రావాల్సినవాళ్లకు ఆరింటికని మెసేజ్ వెళ్లింది.

అరగంటలో సంగతి తేలింది. తేదీల ప్యాకేజీ కొత్తదైంది, టైం జోన్ ప్యాకేజీ పాతదే ఉండిపోయింది. ఒకదాని మాట ఇంకొకదానికి అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పకుండా ఊరుకుంది కూడా. ఆఫీసు కంప్యూటర్లన్నీ మన టైములోనే ఉంటాయి కాబట్టి పరీక్షల్లో తేడా పడలేదు. మెసేజ్‌లు పంపే సర్వర్ గడియారం మాత్రం మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. అక్కడికి వెళ్లగానే ప్రతి టైమూ ఐదున్నర గంటలు వెనక్కి జరిగింది. మధ్యాహ్నానికల్లా రెండింటినీ సరిచేశారు.

తర్వాత కృష్ణప్రసాద్ అందర్నీ కూర్చోబెట్టి, ఓకే చేసిందెవరని అడిగాడు. స్క్రీన్ మీద గీతాంజలి పేరుంది. ఆమె తలెత్తి నిఖిలేష్ వైపు చూసింది. ఒక్కసారే. నిఖిలేష్ తన గ్లాసులో టీ మీద కట్టిన మీగడను చూస్తూ కూర్చున్నాడు. మెట్ల మీద పడిపోయింది ఎవరో అతనికి తెలియదు. అడగాలంటే నోరు రాలేదు.

“నేనే ఓకే చేసిన సార్,” అంది గీతాంజలి. “నేను చూసుకోవాల్సింది.”

గ్రూపులు కట్టిందెవరో ఆమె చెప్పలేదు. రెండు వారాల కిందటి మాట సుచరితకు గుర్తులేదు, కృష్ణప్రసాద్‌కి గుర్తులేదు. ఇంకా ఖాయం కాని ఉద్యోగం కాబట్టి పైవాళ్లు ఊరుకోరని, శుక్రవారం మాట్లాడదామని ఆయన బాధగానే అన్నాడు. శుక్రవారం ఏం మాట్లాడతారో అక్కడున్న అందరికీ అర్థమైంది. నిఖిలేష్ నోరు తెరవడానికి అప్పుడు ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణం కుర్చీలు జరిపిన చప్పుడులో పోయింది. తర్వాత ఆ మూడు రోజుల్లో అలాంటి క్షణాలు చాలా దొరికాయి. అన్నింటినీ ఇలాగే పోనిచ్చాడు.

బుధవారం పొద్దున సత్తెమ్మ గేటు దగ్గర హారన్ కొట్టాడు. ఆమె ఎడమ మణికట్టుకు కట్టు కట్టి ఉంది. కుడిచేత్తో గిన్నె పట్టుకుని వచ్చింది.

కళ్లు తిరిగి పడ్డానని ఆమే చెప్పింది. ఎవరినీ తిట్టలేదు. ఫోన్లంటే అంతే బిడ్డా, ఎప్పుడేం చెప్తాయో ఎవరికి తెలుసు అంది. అతను పోస్తున్న పాలు సగం గేటు మీద పడ్డాయి.

“నీకు సదువొస్తే ఆ మెసేజ్ జర సదివిపెట్టెటోనివి, పాపం,” అంది. “మా మనవరాలితోటి చెప్పిన నీ సంగతి. ఆదివారం వచ్చి కూసో, నేర్పిస్తది. సిగ్గుపడకు.”

నిఖిలేష్ తలూపాడు. సందు దాటాక స్కూటర్ ఆపి, గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆమె తిట్టి ఉంటే బతికిపోయేవాడు. గురువారం హారన్ కొట్టలేదు. గోడ మీద పెట్టి ఉన్న గిన్నెలో పాలు పోసి, తేలు కుట్టిన దొంగలా చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం షెడ్డులో రాజమణి పాలు పితుకుతోంది. ముందు దుడ్డెను వదిలింది. అది పొదుగును రెండుసార్లు కుమ్మి కుడిచింది. బర్రె చేపాక దుడ్డెను లాగి పక్క గుంజకు, తల్లి మూతికి అందేంత దూరంలో కట్టింది. బర్రె దాని వీపు నాకుతూ నిలబడింది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. ఆ రోజు నిఖిలేష్ అటు చూడలేకపోయాడు. ఆఫీసుల ఏమన్న లొల్లా అని తల్లి అడిగింది. నా తప్పుకు ఒక పిల్ల నౌకరి పోయేటట్టున్నదమ్మా అన్నాడు.

“నీ తప్పని చెప్పినవా?”

“లేదు.”

రాజమణి లేచింది. గడ్డి మోపు విప్పి బర్రె ముందు వేసి, కొడుకు మొహం చూడకుండా లోపలికి వెళ్లింది.

శుక్రవారం పదకొండింటికి అందరూ కూర్చున్నారు. కృష్ణప్రసాద్ నోరు తెరవకముందే నిఖిలేష్ లేచాడు. తన ల్యాప్‌టాప్‌ని గోడ మీది పెద్ద స్క్రీన్‌కి కలిపాడు. గ్రూపుల ఫైలు తెరిచి, ఆ రెండు ప్యాకేజీలనూ ఒక్కచోటికి తెచ్చాడు. కింద వాక్యం రాయాల్సిన చోట, అందరూ చూస్తుండగా టైపు చేశాడు: ‘ఇవి బర్రె, దుడ్డె. వేరువేరుగా కట్టొద్దు. ఈ మాట గీతాంజలి ముందే చెప్పింది. వినకుండా వేరు చేసింది నేను. నిఖిలేష్.’

ఎవరూ నవ్వలేదు.

“మాకు ప్లాంటు లేదు సార్,” అన్నాడు. “గౌలిపురల ఆరు బర్రెలున్నయి. పొద్దున్నే పాలు పోసేది నేనే. గీతాంజలి బర్రె అనంగనే నన్నే అన్నదనుకున్న. ఆమె చెప్పింది కరెక్టని తెలిసి కూడ మార్చలేదు.”

కృష్ణప్రసాద్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. గేదెలున్నందుకు ఎవరైనా చిన్నచూపు చూస్తారని ఎలా అనుకున్నారని అడుగుతాడేమోనని నిఖిలేష్ ఎదురుచూశాడు. దానికి అతని దగ్గర జవాబుంది. ఆయన అది అడగలేదు.

“మంగళవారం ఈ అమ్మాయి మీ ముందే కూర్చుని తప్పు తన మీద వేసుకుంది. ఇవాళ శుక్రవారం,” అన్నాడు. “మధ్యలో రెండు రోజులున్నాయి నిఖిలేష్. వాటి గురించి చెప్పండి.”

నిఖిలేష్ చూపు స్క్రీన్ మీద తను టైపు చేసిన వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఎవరూ సాయానికి రాలేదు. సుచరిత కిటికీ వైపు తిరిగింది. కింద బట్టల దుకాణంలో ఎవరో చీర రంగు గురించి బేరమాడుతున్న మాటలు స్పష్టంగా వినిపించాయి.

గీతాంజలి ఉద్యోగానికి ఢోకా లేదని కృష్ణప్రసాద్ చివరికి చెప్పాడు. ఇక నుంచి గ్రూపులన్నీ ఆ అమ్మాయే చూస్తుందని, నిఖిలేష్ కట్టిన ఎనిమిదింటినీ మళ్లీ మొదటి నుంచి చూడాలని అన్నాడు. పైవాళ్లకు ఉన్నదున్నట్టు రాస్తానన్నాడు. నిఖిలేష్ సరే సార్ అన్నాడు.

మధ్యాహ్నం భోజనాలప్పుడు అతను ఒక్కడే మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాడు. వెనకాలే గీతాంజలి వచ్చింది. మాఫ్ చెయ్యమని అడగడానికి మాటలు కూడబలుక్కుంటుంటే ఆమే మొదలుపెట్టింది.

“మీరు పాలు పోస్తరని నాకు మొదటి నెలలనే ఎరుకైంది అన్నా. పై కిటికీల నిలబడితే మీ గొంతు వినపడ్డది. సత్తెమ్మ మా నానమ్మ.”

నిఖిలేష్ మెట్ల రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నాడు.

“ఎవ్వరికీ చెప్పలే. మీకిష్టం లేదని సమజైంది. మాకు కూడ ఊళ్లె బర్రెలున్నయి. ఆ ముచ్చట బర్రె లెక్కన చెప్తె మీకు జల్ది అర్థమైతదనుకున్న, అంతే.” ఆమె అతని వైపు తిరిగింది. “మంగళారం నానమ్మకు ఆరని సదివి చెప్పింది నేనే. పొద్దున్నే నా చేతులతోనే ఆటో ఎక్కిచ్చిన.”

అతను ఏదో అనబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కోపం ఉంది ఆమె కళ్లలో, దాచుకోలేదు. కానీ చెప్పాల్సింది ఇంకా మిగిలి ఉంది.

“మీకు సదువొస్తదని నానమ్మకు నేను చెప్పలే. అది మీరే చెప్పుకోవాలె. ఆదివారం పదింటికి రమ్మన్నది. పలక కొని పెట్టింది మీకోసం.” గీతాంజలి మెట్లు దిగబోయి ఆగింది. “ఒకటి గాదు, రెండు కొన్నది. ఒక్కడే అయితే సిగ్గుపడతడు పిలగాడు, నేను కూడ పక్కన కూసొని నేర్చుకుంట అన్నది.”

ఆమె వెళ్లిపోయాక కూడా నిఖిలేష్ తల ఎత్తలేకపోయాడు.